ఉప్పు లేని పొడి

ఆసుపత్రుల్లో డైటీషియన్లుగా చేరబోతున్న అమ్మాయిల కోసం నాలుగు మంచి మాటలు రాసివ్వమని నేను చదివిన కాలేజీవాళ్లు అడిగారు. మంచి మాటలంటే వాళ్ల ఉద్దేశం స్ఫూర్తినిచ్చే మాటలని నాకు తెలుసు. అలాంటివి రాయడానికి ఆసుపత్రి మొహం చూడనివాళ్లు ఆ కాలేజీలోనే కావలసినంతమంది ఉన్నారు, వాళ్లు రాస్తారు. నేను విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో జుట్టు తెల్లబడేదాకా ఈ పని చేశాను. ఆ పని నిజానికి ఎలా ఉంటుందో చెబుతాను. ముఖ్యంగా ఒక పొడి గురించి, దాన్ని తిన్న ఒక మనిషి గురించి చెబుతాను. నా ప్రమోషన్ల గురించి రాయను. రాసేన్ని రాలేదు.

అలాగేనండీ

మీరు కాలేజీలో మాంసకృత్తులు, విటమిన్లు, కేలరీలు చదువుకుని వస్తారు. ఉద్యోగంలో చేయబోయే పని మాత్రం ఒక్కటే. కృష్ణా జిల్లాలో పుట్టి పెరిగిన మనిషి మంచం పక్కన నిలబడి పచ్చడి తినొద్దని చెప్పడం. ఆయన చాలా మర్యాదగా వింటాడు. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డం రాడు. అంతా అయ్యాక 'అలాగేనండీ' అంటాడు. మా వైపు అలాగేనండీ అంటే మీరిక వెళ్లొచ్చు అని అర్థం. మీరు గుమ్మం దాటగానే మంచం కింద సంచిలోంచి గోంగూర సీసా బయటికొస్తుంది.

ఆసుపత్రి మీకు ఒక గది ఇస్తుంది. నాకిచ్చింది మెట్ల కింద. గోడకి పండ్ల బొమ్మల పోస్టరు ఉండేది. అందులో మామిడి పండు లేదు, జామకాయ లేదు, మా రోగులు పేరు కూడా పలకలేని పండ్లన్నీ ఉన్నాయి. డాక్టర్లకి నా పేరు గుర్తుండేది కాదు. 'ఆ డైట్ అమ్మాయిని పిలవండి' అనేవాళ్లు. మోకాళ్ల నొప్పులు మొదలయ్యాక కూడా నేను ఆ డైట్ అమ్మాయినే. రోగి కోలుకుంటే అది మందుల గొప్పతనం, కోలుకోకపోతే తిండి సరిగ్గా లేదు. ఈ ఒక్క సూత్రం ముందే ఒంటపట్టించుకుంటే మీకు సగం తలనొప్పి తగ్గుతుంది.

కోటేశ్వరరావు గారు

ఆటోనగర్‌లో లారీలకి బాడీలు కట్టే షెడ్డు ఆయనది. భారీ మనిషి. గుండె బలహీనపడి, కాళ్లకి నీరు పట్టి, మెట్లెక్కితే ఆయాసమొచ్చే స్థితిలో మా దగ్గరికి వచ్చారు. మందులిచ్చి, నీరు తీసి, ఉప్పు బాగా తగ్గించాలని చెప్పి పంపించారు. కొన్నాళ్లకే మళ్లీ అవే కాళ్లతో వచ్చారు. మళ్లీ పంపించారు. మళ్లీ వచ్చారు.

ఇలాంటప్పుడు మా వృత్తిలో నేరం ఎవరి మీద పడుతుందో మీరు ఊహించగలరు. వంట చేసేవాళ్ల మీద. ఆయన భార్య సామ్రాజ్యం గారిని ఒక కుర్ర డాక్టరు వార్డులో అందరి ముందూ నిలబెట్టి, ఉప్పు వేసి వేసి మీ ఆయన్ని చంపేస్తారా అని కేకలేశాడు. ఆవిడ పైట చెంగు భుజం మీదికి సర్దుకుంది. డాక్టరు వెళ్లిపోయాక నా దగ్గరికొచ్చి మెల్లగా అంది.

"మేడం గారూ, ఒక్కసారి మా ఇంటికొచ్చి నేను వండింది తిని చూడండి. తర్వాత మీరూ తిడుదురుగాని."

ఆదివారం వెళ్లాను. పప్పు, బీరకాయ కూర, చారు, మజ్జిగ. దేన్లోనూ ఉప్పు రవ్వంత లేదు. ఉప్పే కాదు, కారం లేదు, పులుపు లేదు, పోపు కూడా లేదు. తినేది అన్నమో తడిపిన అట్టముక్కో తెలియలేదు. మా వృత్తిలో ఎవరూ తాము రాసిచ్చిన భోజనం తినరు. ఆ పూట నాకు ఆ భాగ్యం కలిగింది. చింతపండు ఎందుకు మానేశారని అడిగాను. ఆసుపత్రివాళ్లిచ్చిన కాగితంలో పులుపులు, కారాలు, పచ్చళ్లు మానాలని ఉందట. ఉంది, నిజమే. ఆ కాగితం ఏ దేశంలో ఏ జబ్బు కోసం ఎవరు రాసిందో ఎవరికీ తెలియదు. ఏళ్ల తరబడి జిరాక్సులు తీసి అన్ని జబ్బులకీ అదే పంచుతున్నాం.

మరి ఉప్పు ఎక్కణ్ణుంచి వస్తోంది? కోటేశ్వరరావు గారే ఏమాత్రం దాపరికం లేకుండా చెప్పారు. మధ్యాహ్నం షెడ్డులో వెల్డర్లు క్యారేజీలు విప్పుతారు. అందులో ఆవకాయ ఉంటుంది, మాగాయ ఉంటుంది, ఉప్పుచేప ఉంటుంది. ఆయన ఓనరు కాబట్టి అందరూ ముందు ఆయనకే పెడతారు.

"ఇంట్లో మీ మాట వింటున్నానండి," అన్నారాయన. "షెడ్డులో నా మాట వింటున్నాను."

మేడ మీద

ఆయనకి ఇంకోసారి హితబోధ చేయొచ్చు. ఆయన ఇంకోసారి అలాగేనండీ అంటారు. దాని బదులు సామ్రాజ్యం గారూ నేనూ కలిసి ఒక పొడి చేద్దామనుకున్నాం. ఉప్పు ఉండకూడదు. కానీ నోట్లో పెట్టుకుంటే మనిషికి తాను బతికున్నట్టు తెలియాలి. పులుపు పండ్ల నుంచి రావాలి, ఘాటు దినుసుల నుంచి రావాలి.

బజారు నుంచి మామిడి ఒరుగులు తెచ్చి, ధనియాలు, జీలకర్ర, మిరియాలు, ఎండుమిర్చి వేయించి కలిపి మొదటి విడత కొట్టాం. అద్భుతంగా ఉంది. అంత అద్భుతంగా ఉండటమే అనుమానం తెప్పించింది. ఒక ఒరుగు ముక్క విడిగా నాకి చూశాను. బజార్లో అమ్మే ఒరుగులకి ఉప్పు, పసుపు పట్టించే ఎండబెడతారు. అంటే మేము ఎంతో శ్రమపడి ఆవకాయని పొడి రూపంలోకి మార్చామన్నమాట. అది పనిమనిషికి ఇచ్చేశాం. ఆవిడ ఇప్పటికీ ఆ పొడే బాగుందంటుంది.

తర్వాత పుల్ల మామిడికాయలు మేమే చెక్కు తీసి, పల్చగా తరిగి, ఉప్పు లేకుండా మేడ మీద పల్చటి గుడ్డ కప్పి ఎండబెట్టాం. విజయవాడ ఎండ గురించి అందరూ తిట్టుకుంటారు గానీ, ఒరుగులకి అంతకన్నా మంచి ఎండ ఎక్కడా లేదు. ఉసిరికాయ తురుము ఎండబెట్టిందే ఆవిడ దగ్గర ఉంది. వాసన కోసం బత్తాయి తొక్క కలుపుదామన్నాను. తొక్క లోపలి తెల్లటి పొర తీయకుండా ఎండబెట్టడంతో రెండో విడత చేదు విషమైంది. మూడోసారి ఆ పొర గీకేసి, పసుపుపచ్చ పైపొర మాత్రమే వాడాం. దానిమ్మ గింజలు ఎండబెట్టి వేస్తే పులుపుకి చిన్న తీపి తోడైంది. కరివేపాకు నీడలో ఆరబెట్టాం. వెల్లుల్లి వేసిన విడత తేమకి గడ్డకట్టింది కాబట్టి, వెల్లుల్లి అన్నంలో కలిపేటప్పుడే నలిపి వేసుకోవాలని తేల్చాం. దినుసులు విడివిడిగా సన్న సెగ మీద వేయించి, పూర్తిగా చల్లారాక పండ్ల ముక్కలతో కలిపి పట్టి, జల్లించి, పొడి సీసాలో పెట్టుకోవాలి. ఇంతే. ఇందులో గొప్ప రహస్యమేమీ లేదు. వేడిగా ఉన్నప్పుడు మూత పెడితే బూజు పడుతుంది, అదొక్కటే గుర్తుపెట్టుకోండి.

కోటేశ్వరరావు గారు రుచి చూసి, మామిడికాయ ఊళ్లోకి వచ్చి మన ఇంటికి రాకుండా వెళ్లిపోయినట్టుందన్నారు. అయినా మజ్జిగలో వేసుకున్నారు, కూర మీద చల్లుకున్నారు. చిన్న సీసాలో షెడ్డుకీ పట్టుకెళ్లారు. నాలుగు రోజులకి ఆయనే నాకు ఫోన్ చేసి ఫిర్యాదు చేశారు. వెల్డర్లు ఆ పొడిని జామకాయ ముక్కల మీద చల్లుకుని సీసా ఖాళీ చేశారట. ఆ కోపం చూశాక నాకు నమ్మకం కుదిరింది.

మా గుండె డాక్టరు శ్రీలక్ష్మి గారికి ఆ పొడి చూపించాను. ఆసుపత్రిలో నా పేరు తెలిసిన కొద్దిమందిలో ఆవిడ ఒకరు. ఏమేం వేశారు, రోజుకి ఎంత తింటున్నారు అని అడిగారు. ఆయన వాడే మందుల్లో ఒకటి ఒంట్లో పొటాషియంని బయటికి పోనివ్వదు, అది ఎక్కువైతే గుండె లయ తప్పుతుంది, కాబట్టి రోజుకి అరచెంచా దాటొద్దు, రక్తపరీక్షలు మానొద్దు అన్నారు. పండు కదా అని ఏ పండైనా అందరికీ మంచిది కాదని ఆవిడ రెండు నిమిషాల్లో చెప్పారు, మా పోస్టరు అన్నేళ్లలో చెప్పలేదు.

ఆ ఏడాదంతా కోటేశ్వరరావు గారు నడిచి చెకప్‌కి వచ్చారు, నడిచి వెళ్లారు. కాళ్లకి చెప్పులు పట్టాయి. సామ్రాజ్యం గారు నా గదిలో కూర్చుని వేరే రోగుల ఆడవాళ్లకి బత్తాయి తొక్క ఎలా గీకాలో నేర్పించేది.

డబ్బా మీద నా బొమ్మ

ఆసుపత్రిలో మంచి జరుగుతోందంటే ఎండీ గారికి తెలియకుండా ఉండదు. ఆయన ఒకప్పుడు డాక్టరే. తర్వాత ఎదిగి మీటింగుల్లో స్థిరపడ్డారు. నన్ను పిలిపించి చాలా మెచ్చుకున్నారు. మొదటిసారి నన్ను 'రాజేశ్వరి గారూ' అన్నారు. నాకప్పుడే భయం వేయాల్సింది.

పొడిని ఆసుపత్రి పేరుతో తయారుచేయించి మన ఫార్మసీలో అమ్ముదామన్నారు. మార్కెటింగ్ మేనేజరు కూడా వచ్చాడు, మే నెలలో టై కట్టుకుని. డబ్బా మీద 'హోం మేడ్' అని ఉండాలన్నాడు. ఎవరి హోంలో అని అడిగాను. ఊరి బయట ఒక పిండిమిల్లు యూనిట్‌కి కాంట్రాక్టు ఇచ్చేశారట. నమ్మకం కోసం నా ఫోటో కావాలన్నాడు. ఉద్యోగం దరఖాస్తుకి పెట్టిన పాత ఫోటో ఆఫీసులో ఉంటే నేను ఊ అనకముందే తీసుకున్నారు. అందులో నేను నిజంగానే అమ్మాయిని.

శాంపిల్ వచ్చింది. రుచి చూశాను. ఉప్పగా ఉంది. ఉప్పు ఎందుకు వేశారని అడిగితే మేనేజరు నవ్వి, ఇది ఉప్పు కాదు మేడం, లో సోడియం సాల్ట్, హెల్తీ అన్నాడు. ఉప్పు లేకపోతే చప్పగా ఉందని టేస్ట్ చేసినవాళ్లు అన్నారట. అలాంటి ఉప్పులో సోడియం తగ్గించి ఆ స్థానంలో పొటాషియం కలుపుతారు. బీపీ మాత్రమే ఉండి, మూత్రపిండాలు బాగున్నవాళ్లకి డాక్టరు చెబితే పనికొస్తుందేమో. గుండె జబ్బుకి మందులు వాడేవాళ్లకి, కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లకి ప్రాణం మీదికి తెస్తుంది. ఆ ముక్క ఎండీ గారికి చెప్పాను. ఆయనకి తెలియనిది కాదు, చదువుకున్నదే.

"ప్రతి కిరాణా కొట్లోనూ దొరుకుతుంది కదండీ, రాజేశ్వరి గారూ," అన్నారాయన.

"కిరాణా కొట్టుకి ఆరోగ్యంగా ఉన్నవాళ్లు వస్తారు సార్. మన ఫార్మసీకి వచ్చేది రోగులు."

శ్రీలక్ష్మి గారు కూడా వద్దనే చెప్పారు. అప్పుడు ఎండీ గారు ఒక మధ్యేమార్గం కనిపెట్టారు. డబ్బా అడుగున చీమ తలకాయంత అక్షరాలతో 'వాడే ముందు వైద్యుని సంప్రదించండి' అని వేశారు. రోగి వైద్యుణ్ణి సంప్రదించి, మందులు రాయించుకుని, అదే భవనంలో కింది అంతస్తుకి వచ్చి ఈ డబ్బా కొంటాడు. వైద్యుణ్ణి సంప్రదించమని డబ్బా అతనికి చెబుతుంది. ఇంతకన్నా బాధ్యత ఏముంటుంది.

దీపం వెలిగించి ఆవిష్కరణ చేశారు. నేను స్టేజీ ఎక్కలేదు. నా గదికి వచ్చిన ప్రతి రోగికీ ఆ డబ్బా మీకు కాదని చెప్పడం మొదలుపెట్టాను. నా మొహం చూసి, డబ్బా మీది మొహం చూసి, ఎవర్ని నమ్మాలో వాళ్లకి అర్థమయ్యేది కాదు. అమ్మకాలు దెబ్బతింటున్నాయని మేనేజరు నా మీద ఫిర్యాదు కూడా చేశాడు.

కొబ్బరిబోండం

నా గదికి రాకుండా నేరుగా ఫార్మసీకి వెళ్లేవాళ్లని నేనేం చేయగలను? ఆ ఏడు వానలు గట్టిగా పడ్డాయి. సామ్రాజ్యం గారి పొడి అయిపోయింది, ఎండబెట్టుకోవడానికి ఎండ లేదు. మందుల కోసం వచ్చిన కోటేశ్వరరావు గారికి ఫార్మసీ బల్ల మీద నా బొమ్మ కనిపించింది. మన మేడం పొడే కదా అని కొనుక్కున్నారు. పైగా ఇది వాళ్లావిడ చేసినదాని కన్నా రుచిగా ఉంది. అరచెంచా లెక్క ఎగిరిపోయింది. అన్నం తెల్లగా కనపడకుండా చల్లుకున్నారు.

ఒక ఉదయం నేను మెట్లు దిగుతుంటే క్యాజువాలిటీ బయట సామ్రాజ్యం గారు కనిపించింది. ఆయనకి కాళ్లు ఎత్తలేనంత నీరసంగా ఉందని తీసుకొచ్చిందట. డ్యూటీ డాక్టరు చూసి, తిండి సరిగ్గా లేక నీరసం, అబ్జర్వేషన్‌లో ఉంచుదాం, ఈలోగా కొబ్బరినీళ్లు పట్టించండి అన్నాడట. ఆవిడ చేతిలో బోండం ఉంది. స్ట్రా పెట్టి ఆయన నోటికి అందించబోతోంది.

ఏం తింటున్నారని అడిగాను. ఆవిడ చేతిసంచిలోంచి డబ్బా తీసింది. నా మొహం నన్నే చూసి నవ్వుతోంది.

బోండం ఆవిడ చేతిలోంచి లాక్కున్నాను. కొబ్బరినీళ్లంటే పొటాషియమే. ఎందుకో చెప్పేంత తీరిక లేదు. ఈసీజీ తీయండి, రక్తం పంపించండి అన్నాను. డ్యూటీ డాక్టరు, ఆ సంగతి మేము చూసుకుంటాం మీరు డైట్ చూడండి అన్నాడు. డైటే చూస్తున్నాను బాబూ అని డబ్బా అతని చేతిలో పెట్టి, శ్రీలక్ష్మి గారికి ఫోన్ చేశాను. ఆవిడ ఓపీ వదిలేసి వచ్చారు. ఈసీజీ కాగితం చూడగానే ఆవిడ మొహం మారిపోయింది. రిపోర్టు వచ్చేదాకా ఆగకుండానే నరానికి కాల్షియం ఎక్కించారు, తర్వాత పొటాషియం దించడానికి గ్లూకోజు, ఇన్సులిన్. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. సామ్రాజ్యం గారు నా పక్కకి వచ్చి నిలబడింది. ఆయన మీద చూపు తిప్పకుండానే నా చెయ్యి పట్టుకుంది.

సాయంత్రానికి గుండె దారిలో పడింది. ఆయన కళ్లు తెరిచి మొట్టమొదట అడిగింది, షెడ్డు తాళాలు ఎవరి దగ్గరున్నాయని.

మర్నాడు ఎండీ గారు స్వయంగా పరామర్శకి వచ్చారు. వెనకాల మేనేజరు పండ్లబుట్టతో వచ్చాడు. అందులో అరటిపండ్లు, బత్తాయిలు ఉన్నాయి, అవీ పొటాషియమే. శ్రీలక్ష్మి గారు ఆ బుట్ట తీసుకెళ్లి నర్సుల గదిలో పెట్టించారు. బిల్లులో రాయితీ ఇస్తామన్నారు ఎండీ గారు. సామ్రాజ్యం గారు లేచి నిలబడింది.

"ఇంట్లో ఉప్పు వేశానని ఈ వార్డులోనే నన్ను అందరి ముందూ తిట్టారండి. నేను వేయలేదు. ఇప్పుడు మీరు వేశారు. ఇప్పుడు ఎవర్ని తిట్టాలో చెప్పండి, మా ఆయన కూడా వింటారు."

ఎండీ గారు గడియారం చూసుకుని మీటింగుందన్నారు.

తర్వాత

డబ్బాలు మర్నాటికల్లా ఫార్మసీలో కనిపించకుండా పోయాయి. ప్రమాదకరమని ఎక్కడా అనలేదు, స్టాకు లేదన్నారు. కొన్నవాళ్లందరికీ ఫోన్ చేసి చెప్పాలని నేనూ శ్రీలక్ష్మి గారూ పట్టుబట్టి ఫార్మసీ బిల్లుల నుంచి నంబర్లు తీయించుకుని నా గదిలో కూర్చుని చేశాం. కొందరు తిట్టారు, కొందరు ఇంకో డబ్బా దొరుకుతుందా అని అడిగారు.

అసలు తప్పెక్కడ జరిగిందో తేల్చడానికి ఒక కమిటీ వేశారు. అందులో మేనేజరు కూడా సభ్యుడే. కమిటీ బాగా ఆలోచించి, రోగులకి సరైన అవగాహన కల్పించడంలో డైటెటిక్స్ విభాగం విఫలమైందని కనిపెట్టింది. విభాగమంటే నేనే. అమ్మాయిలూ, ఇలాంటివి మీకూ వస్తాయి. కంగారుపడకండి. మీ పని రోగి పళ్లెంలో ఏముందో చూడటం. అందులోకి అది ఎవరు వేశారో కూడా చూడండి, ఇంట్లోవాళ్లయినా, మీకు జీతమిచ్చేవాళ్లయినా. హెల్తీ అని రాసి ఉన్న ప్రతిదాన్నీ ఎవరికి హెల్తీ అని అడగండి. అడిగితే మీకు మంచి పేరు రాదు. ఆ బాధ కొన్నాళ్లకి అలవాటైపోతుంది.

కార్తీకంలో ఎండలు మళ్లీ తేటపడ్డాయి. మామిడికాయల కాలం కాదు. సామ్రాజ్యం గారు ఉసిరికాయలు, నిమ్మతొక్కలు, ధనియాలు, మిరియాలతో కొత్త విడత చేసి భోజనానికి పిలిచింది. శ్రీలక్ష్మి గారు కొలత చెప్పి పంపారు. కోటేశ్వరరావు గారు బాగా చిక్కిపోయారు, చొక్కా వదులైంది. నా కంచంలోనూ తన కంచంలోనూ అరచెంచా చొప్పున ఆయనే వేశారు. వేడి అన్నంలో, ఆనపకాయ పప్పులో కలుపుకుని తినడం మొదలుపెట్టారు. నేనూ సామ్రాజ్యం గారూ ఆయన మొహమే చూస్తున్నాం. ఆయన తీరిగ్గా నమిలి, నీళ్లు తాగి, ఇంకో ముద్ద కలుపుకుంటూ అన్నారు.

"చప్పగానే ఉంది. తినొచ్చు."

కమిటీవాళ్ల మెమో కూడా నాకు ఆ వారమే అందింది. అందులో ఏం రాశారో ఇప్పుడు ఒక్క వాక్యం కూడా గుర్తులేదు.